ఆ పన్నెండేళ్ళ గురించీ రాయి

తమ్ముడూ,

జర్మన్ మార్మిక తాత్వికుడు యాకోబ్ బోమె మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆయనంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నా. 1600లో గోర్లిట్స్ అనే జర్మన్ ఊళ్ళో ఒక పాతికేళ్ళ చెప్పుల పనివాడు తగరపు పళ్ళెం మీద పడిన వెలుగు చూశాడు, అంతా అర్థమైపోయింది, తన మొదటి పుస్తకం 'అరోరా' రాసేశాడు... ఇంత తొందరగా ముగించేస్తే ఎలా? 'అరోరా' రాయడానికి కూచున్నది 1612లో కదా, మధ్యలో ఏం జరిగింది? విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి చదివినా తెలియనంత ఆ పావుగంటలో తెలిసిందని ఆయనే తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు, దాన్ని 12 ఏళ్ళు కడుపులో మోశానని కూడా అక్కడే అన్నాడు. నువ్వు మొదటి మాట ఎత్తుకుని రెండోది వదిలేశావు. నాకైతే అసలు మనిషి ఆ రెండో మాటలోనే దొరుకుతాడు.

ఆ పళ్ళెం సంగతి కూడా ఫ్రాంకెన్‌బెర్గ్ అనే అభిమాని బోమె జీవితచరిత్రలో రాసింది. వాడుకో, తప్పులేదు, కానీ ఎవరు చెప్పారో చెప్పు.

ఆ రోజుల్లో ఆయనకి భార్య, నలుగురు కొడుకులు, రోజంతా తోలు కోసి కుట్టే పని. ఇంకోపక్క మనసులో దిగులు: లోకంలో సజ్జనుడికీ దుర్మార్గుడికీ ఒకేలా జరుగుతోందేమిటి, దేవుడున్నాడు కదా? ఈ దిగులు గురించి 'అరోరా'లోనే రాసుకున్నాడు. దీని నుంచే ఆయన ఆలోచన అంతా పుట్టింది. అవును, కాదు అనే రెండూ లేకుండా ఏదీ లేదంటాడు, చీకటి లేకపోతే వెలుగు కనపడనే కనపడదంటాడు, దేవుడిలో ప్రేమతో పాటు కోపాగ్ని కూడా ఉందంటాడు. మార్టిన్ లూథర్ బోధనే ప్రమాణమైన ఒక లూథరన్ క్రైస్తవ ఊళ్ళో ఈ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో చూడు. 1613లో పాస్టర్ గ్రెగర్ రిక్టర్ మండిపడ్డాడు, నగర పాలకులు రాతప్రతి లాక్కుని ఇక రాయొద్దన్నారు, ఆయన కొన్నేళ్ళు నిజంగానే కలం పట్టలేదు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టి 1624లో చనిపోయేదాకా ఆపలేదు. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చావు!

ఇంకొకటి, బోమెని అద్వైతంతో పోల్చిన ఆ పేరా తీసెయ్. మన పాఠకుడికి దగ్గరవుతుందని పెట్టావు, నాకు తెలుసు, కానీ బోమెకి చీకటి మాయ కాదు, తోసేస్తే పోయేది కాదు. శంకరుడి మాట ఆయన నోట్లో పెడితే ఇద్దరికీ అన్యాయమే.

తర్వాత డచ్ తాత్వికుడు స్పినోజా మీద రాస్తానన్నావు, సంతోషం. లెన్సులు అరగదీశాడు, 1656లో యూదు సమాజం వెలేసింది, ఇవి అందరూ రాసేవే. 1675లో తన ముఖ్య గ్రంథం 'ఎథిక్స్' అచ్చు వేయిద్దామని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి, అక్కడ తన మీద లేచిన పుకార్లు విని ఆపేసుకున్నాడు, ఆ పుస్తకం 1677లో ఆయన పోయాకే బయటికొచ్చింది. అక్కడ మొదలుపెట్టు, ముందు ఆయన ఉత్తరాలు చదువు. కానీ బోమె వ్యాసం తిరగరాసి పంపాకే.

మీ అన్నయ్య