నీడ కుదిరాకే రంగు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నూనె రంగులతో చిత్రం వేయడానికి బల్ల మీద నువ్వు అమర్చిన వస్తువుల ఫొటో చూశాను. చెంబు, నిమ్మకాయలు, గాజు గ్లాసు, పూలు, పుస్తకాలు, పైగా రెండు రంగుల గుడ్డలు. సగం తీసేయమ్మా. ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ 1761 ప్రాంతంలో గ్లాసెడు నీళ్లు, ఒక కాఫీ కూజా, కొన్ని వెల్లుల్లిపాయలతో వేసిన చిత్రం ముందు ఇప్పటికీ జనం ఆగిపోతారు. పాతకాలపు వస్తువులే పెట్టాలనీ లేదు. నువ్వు రోజూ నీళ్లు తాగే స్టీలు సీసా పెట్టు. సంప్రదాయం చూసే పద్ధతిలో ఉంటుంది, చెంబులో కాదు.

నువ్వు అడిగింది రంగుల గురించి. నేను ముందు నీడల గురించే చెబుతాను, ఎందుకంటే అవి కుదరకపోతే ఏ రంగూ ఆ చిత్రాన్ని నిలబెట్టలేదు. నేరుగా ఎండ పడని ఒక్క కిటికీ తెరిచి, మిగతా దీపాలన్నీ ఆర్పెయ్యి. కళ్లు సగం మూసి చూడు. వస్తువు మీది నీడా, అది బల్ల మీద పరిచిన నీడా కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ఆ ముద్దనే పలచని రా అంబర్‌తో, అంటే ముదురు గోధుమ మట్టి రంగుతో, కాన్వాసు మీద పెట్టు. వస్తువుల అంచులు గీయాలన్న తొందర వద్దు. నీడలో అంచు కరిగిపోతే కరగనివ్వు, వెలుగులోకి వచ్చినచోట అదే తేలుతుంది. ఈ ఒక్క గోధుమరంగుతోనే గ్లాసు గాజులా, సీసా లోహంలా అనిపించే దాకా ముందుకు పోవద్దు. 1630లలో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ చిత్రకారులు విల్లెం హెడా, పీటర్ క్లాస్ దాదాపు బూడిద, గోధుమ ఛాయలతోనే వెండి పాత్రలను మెరిపించారు.

అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కనుక అది త్వరగా ఆరుతుంది, అడుగు పొరకు సరిగ్గా సరిపోతుంది. ఐవరీ బ్లాక్ అనే నలుపు నెమ్మదిగా ఆరుతుంది, అడుగున వాడకు. రంగులో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. కింది పొర ఇంకా కదులుతుండగా పైది బిగిస్తే బీటలు తప్పవు. అందుకే పై పొరలో నూనె కాస్త ఎక్కువ ఉండాలి.

ఇక రంగు. నిమ్మకాయ నీడ కోసం పసుపులో నలుపు కలిపావో, అది ఆకుపచ్చకు తిరుగుతుంది. ఓకర్ అనే పసుపు మట్టి రంగు, అంబర్ చాలు, పక్క వస్తువు నుంచి వచ్చే ఛాయ కూడా అందులో వెతుకు. పూలు వాడిపోతాయి కాబట్టి ముందు వాటినే ముగించు. మెరుపు చుక్కలు చివరికి, అవీ రెండో మూడో. ఫొటో చూసి మాత్రం వేయవద్దు. కెమెరా నీడలను నల్లటి గుంటలు చేస్తుంది, వాటిలో నీ కన్ను చూసేదంతా పోతుంది.

వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగు. నూనె గుడ్డలను ముద్దగా పడేయకు, వాటంతటవే అంటుకోగలవు. నీళ్లలో తడిపి, మూత ఉన్న లోహపు డబ్బాలో వేయి.

గోధుమరంగు దశ పూర్తవగానే, పసుపు గొట్టం మూత తీయకముందే నాకు ఫొటో పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న