తెరచాప ఓడకు పాత తెలుగు మాట ఏది?

ప్రశ్న: మా మనవరాలి పాఠంలో 'తెరచాప ఓడ' అని రెండు మాటలు కలిపి రాశారు. ఇంజన్లు లేని రోజుల్లో మనవాళ్లు సముద్రం దాటింది గాలి మీదే కదా, అలాంటి ఓడకు తెలుగులో ఒక్క పేరు లేదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: లేకపోవడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ఆవిరి యంత్రం రాకముందు నడిసముద్రం మీద పోయే ఓడ ఏదైనా తెరచాపతోనే పోయేది కనుక, ఆ సంగతిని పేరులో చెప్పవలసిన పని ఎవరికీ పడలేదు. పొగ ఓడలు వచ్చాకనే పాతవాటిని వేరుచేసి చెప్పవలసి వచ్చింది.

అంతకుముందు పేర్లు ఓడ కట్టుబడిని బట్టి, అది వచ్చిన దేశాన్ని బట్టి ఉండేవి. శ్రీనాథ మహాకవి, తన హరవిలాసం కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న వర్తకుడు అవచి తిప్పయసెట్టి కర్పూరం, చందనం, కస్తూరి వంటి సుగంధద్రవ్యాలను దూరదేశాల నుంచి తెప్పించిన తీరును వర్ణిస్తూ కప్పలి, జోంగు, వల్లి, వలిక, సమ్మను అని అయిదు రకాలను ఒక్క పద్యపాదంలో ఇమిడ్చాడు. రేవు వ్యాపారాన్ని దగ్గరగా చూసినవారికి తప్ప ఈ పేర్లు ఇలా నోట రావని నాకు అనిపిస్తుంది. కప్పలి అంటే తమిళులు ఓడను పిలిచే 'కప్పల్' అన్న మాటే. జోంగు జావా, మలయా వైపు పెద్ద సరుకు ఓడ. దానికి అల్లిన చాపలనే గాలికి కట్టేవారు.

ఇలాంటి ఓడలకు పేరుపడ్డ మన రేవు మోటుపల్లి. గాలివానకు కొట్టుకువచ్చిన, పగిలిన ఓడల సరుకంతా పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు.

మీ ఊరి పక్కనున్న కోరంగిలోనూ ఓడలు కట్టేవారు. ఆ రేవు నుంచి బర్మా వెళ్లినవారు ఎందరంటే, అక్కడివారు తెలుగువారందరినీ కోరంగీలనే పిలిచారు.

ఓడలోని సామానుకు మాత్రం పరదేశపు పేర్లు బాగా కలిశాయి: చుక్కాని అరబ్బీ నుంచి, లంగరు పారశీకం నుంచి వచ్చాయి.

ఇక మీ మనవరాలు పెద్దదానికి తెరచాప ఓడ అని, నది మీద తిరిగే చిన్నదానికి తెరచాప పడవ అని రాస్తే తప్పులేదు. కప్పలి అని రాస్తే పక్కన అర్థం కూడా ఇవ్వవలసి వస్తుంది.