తల్లిపాలు పలచగా ఉంటే పాప బరువు పెరగదా?

మీ పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఇప్పుడు రెండు నెలలకు 4.4 కిలోలు ఉందని రాశారు. అదే వయసున్న పక్కింటి పాప 5.5 కిలోలు ఉండడంతో, "నీ పాలు నీళ్లలా ఉన్నాయి, డబ్బాపాలు మొదలుపెట్టు" అని ఇంట్లో అంటున్నారట. మా చిన్నది పుట్టినప్పుడు ఈ మాట నేనూ పడ్డాను. ఎంత బాధగా ఉంటుందో తెలుసు.

ముందు లెక్క చూద్దాం. పుట్టిన రోజు నుంచి లెక్కేసినా మీ పాప రోజుకు దాదాపు 26 గ్రాములు పెరిగింది. మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు. పైగా పుట్టిన కొత్తలో పిల్లలు కాస్త బరువు తగ్గుతారు, అది మళ్లీ రావడానికే రెండు వారాల దాకా పడుతుంది. దాన్ని కూడా పూడ్చుకుని ఇంత పెరిగిన పాపకు మీ పాలు చాలడం లేదని నేనైతే అనను. పక్కింటి పాపను వదిలేయండి. నెలనెలా బరువు గుర్తు పెట్టే గ్రోత్ చార్ట్‌లో మీ పాప గీత తన దారిలో తను పైకి వెళ్తోందా అన్నదే చూడాలి.

ఇక పలచదనం సంగతి. ఏ తల్లి పాలలోనైనా దాదాపు 87 శాతం నీళ్లే. పాప తాగడం మొదలుపెట్టినప్పుడు వచ్చేవి పలచగా ఉంటాయి, రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ కొవ్వు పెరుగుతూ వస్తుంది. నేను పిండిన పాలు గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే, తెల్లారేసరికి అడుగున లేత నీలంగా నీళ్లలాంటి పాలు, పైన పచ్చటి మీగడ పొర తేలేవి. ఆ సీసా చూపించాక మా ఇంట్లో ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. మీరు కడుపునిండా తినండి, కానీ అది మీ ఒంటి కోసం. పాలలోని మాంసకృత్తులు, చక్కెర తల్లి తిండిని బట్టి పెద్దగా మారవు.

మా పాపకు ఒక దశలో నిజంగానే బరువు నెమ్మదించింది. నర్సు పక్కన కూర్చుని, నేను పాలిస్తుంటే చివరిదాకా చూసింది. పాప చనుమొన చివర మాత్రమే పట్టుకుని చప్పరిస్తోంది, గుటక చప్పుడే లేదు. పాప నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరకు లాక్కోమంది. అంతే, రెండు మూడు చప్పరింపులకోసారి గుటక వినిపించింది. తర్వాతి వారాల్లో బరువు దానంతటదే పెరిగింది. మీరూ ఒకసారి ఆ గుటక కోసం చెవి పెట్టి వినండి. ఒక వైపు తాగి పాప తనంతట తను వదిలాకే రెండో వైపు ఇవ్వండి. ఈ వయసులో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే, "ఇందాకేగా తాగింది" అని ఆపకండి. అవసరం లేకుండా డబ్బాపాలు పడితే పాప రొమ్ము చీకడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి.

విటమిన్ డి మాత్రం తల్లిపాలలో సరిపడా ఉండదు, చుక్కల మందు గురించి డాక్టర్ని అడగండి.

రోజుకు ఆరు సార్ల కంటే తక్కువ మూత్రం పోస్తున్నా, అది ముదురు రంగులో ఉన్నా, పాలకు కూడా లేవకుండా మగతగా పడుకుంటున్నా, బరువు తగ్గినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్షించి డబ్బాపాలు కలపమంటే సందేహించకుండా కలపండి, మీ పాలు ఇవ్వడం మాత్రం మానకండి.