తగ్గిన బరువు మళ్లీ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. రెండుసార్లు గట్టిగా డైటింగ్ చేసి ఏడెనిమిది కిలోలు తగ్గాను. ఏడాది తిరక్కుండానే అంతకన్నా ఎక్కువ పెరిగాను. ఇప్పుడు రాత్రి భోజనం మానేశాను. పట్టుదల లేకపోవడమే కారణమని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: రెండుసార్లు ఏడెనిమిది కిలోలు తగ్గిన మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోనమ్మా. బరువు తగ్గగానే ఒంట్లో కరవు వచ్చినట్టే ఉంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరుగుతుంది, ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ తగ్గుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. పైగా కఠినమైన డైటింగ్‌లో కొవ్వుతో పాటు కండా కరుగుతుంది.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, దాదాపు 34. 30 దాటితే ఊబకాయమే. అలాగని ఒకేసారి 'నార్మల్' బరువుకు రావాలని టెన్షన్ పడకండి. 5 నుంచి 10 శాతం, అంటే మీకు 5 నుంచి 9 కిలోలు తగ్గి, అక్కడ నిలబడగలిగితే బీపీ, షుగర్, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు చాలావరకు మెరుగవుతాయి. అందుకు ఆరు నెలలైనా పట్టనివ్వండి.

భోజనం మానేసి, పడుకోబోయే ముందు చిరుతిళ్ల డబ్బా తెరిచేవాళ్లను చాలామందిని చూశాను. అంతకన్నా రోజుకు 500 కేలరీలు తగ్గించుకోవడం మేలు. తీపి పానీయాలు, జ్యూస్‌లతో మొదలుపెట్టండి. వాటితో కేలరీలు చేరతాయి గానీ కడుపు నిండదు. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్ ఉండేలా చూసుకోండి.

వ్యాయామం ఒక్కదానితోనే తగ్గే బరువు తక్కువే. కానీ తగ్గిన బరువు తిరిగి రాకుండా ఆపేది ఎక్కువగా అదే. వారానికి 150 నిమిషాల చురుకైన నడకతో మొదలుపెట్టి, మెల్లగా 200 దాటించండి. కండ నిలవాలంటే వారంలో రెండు రోజులు బరువులతో వ్యాయామం కూడా కావాలి.

నిద్ర చాలకపోయినా ఆకలి పెరుగుతుంది. గురక, పగటి నిద్రమత్తు ఉంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోవడం) పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలూ అవసరమే. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక, మూర్ఛ, షుగర్ మందులు బరువు పెంచుతాయి. అలాంటివేమైనా వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే బరువు తగ్గించే మందుల గురించి ఆలోచించవచ్చు. అవి ఆపాక బరువు మళ్లీ పెరగడం మామూలే కాబట్టి, ఎంతకాలం వాడాల్సి ఉంటుందో మొదలుపెట్టే ముందే మీ డాక్టర్‌ని అడగండి.