తోట నుంచి లారీ దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

అనంతపురం, కడప జిల్లాల అరటి ప్యాక్‌హౌస్‌లలో (కాయను కడిగి, వేరుచేసి, పెట్టెల్లో సర్దే షెడ్లలో) చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో ఈ శీర్షిక రాస్తున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ఏసీ బండ్ల గురించి, కోల్డ్ స్టోరేజీల గురించి అడిగారు. చెట్టు దగ్గర కోత ఎలా జరగాలి, లారీ ఎక్కేదాకా సరుకు ఎక్కడ ఉండాలి అని అడిగినవాళ్లు చాలా తక్కువ. నష్టంలో పెద్ద వాటా అక్కడే మొదలవుతుంది. అందుకే జవాబులన్నీ అక్కడికే తీసుకొచ్చాను.

ప్రశ్న: మేడమ్, మాది పులివెందుల దగ్గర పల్లె. మూడెకరాల్లో జీ-9 రకం అరటి వేశాం. గెల కోసినప్పుడు కాయ మీద చిన్న మచ్చ కూడా కనపడదు. హైదరాబాద్‌లో మాగబెట్టాక నల్లగీతలు వస్తున్నాయని వ్యాపారి ధర తగ్గిస్తున్నాడు. ఏసీ బండిలో పంపితే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: తప్పదన్నా. ఆ డబ్బు ముందు తోటలో ఖర్చు పెట్టండి. పచ్చి అరటికాయకు తగిలిన దెబ్బ వెంటనే కనపడదు. తొక్క ఎక్కడ రాసుకుందో అక్కడ లోపల పాడై, కాయ మాగి పసుపు తిరిగేటప్పుడు నల్లగా బయటపడుతుంది. హైదరాబాద్‌లో కనిపించిన గీత మీ తోటలోనే పడి ఉండొచ్చు, లేదా తోటకూ తారు రోడ్డుకూ మధ్య మట్టిదారిలో పడి ఉండొచ్చు. దారిలో పాడైందని వ్యాపారి అంటాడు, మా దగ్గర బాగానే ఉందని మీరంటారు. ఎవరికి కనిపించింది వాళ్లు చెప్తున్నారు, అబద్ధం ఎవరిదీ కాదు.

మీ తోటలో కోత ఎలా జరుగుతుందో రాయలేదు కాబట్టి, నేను ఎక్కువగా చూసిన పద్ధతి చెప్తాను. ఒక్కరే చెట్టును నరికి గెలను లాగుతారు. గెల నేలకు తగులుతుంది. గట్టు మీద ఇంకో గెల పక్కన పడేస్తారు. తర్వాత ట్రాక్టర్ ట్రాలీలో అరటాకులు పరిచి గెల మీద గెల పేరుస్తారు. అడుగు వరస కాయలు పై బరువంతా మోస్తూ, గుంతల దారిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ వస్తాయి. ఆ తర్వాత లారీ ఎంత చల్లగా ఉన్నా ఏం లాభం? చల్లదనం కాయ మాగడాన్ని నెమ్మది చేస్తుంది, అంతేగానీ పడిన దెబ్బను మాన్పదు. పైగా దెబ్బ తగిలిన కాయ ఇథిలీన్ వాయువును ఎక్కువగా వదులుతుంది. దానివల్ల పక్కనున్న మంచి కాయలు కూడా ముందే మాగుతాయి.

కోతకు ఇద్దరు కావాలి. ఒకరు చెట్టు కాండానికి సగంలో గాటు పెడితే చెట్టు మెల్లగా వంగుతుంది. రెండో మనిషి భుజం మీద ఫోమ్ దిండు వేసుకుని గెలను దానిమీద అందుకుంటాడు. అప్పుడు గెల కాడ కోయాలి. గెల నేలను తాకకూడదు. నీడలో ఫోమ్ షీటు పరిచి, దానిమీద హస్తాలు (గెలలోని కాయల గుత్తులు) విడదీసి, పటిక కలిపిన నీళ్లలో వేస్తే కోసిన చోట కారే పాలు ఆగుతాయి. ఆ పాలు కాయ మీద ఎండితే అదో నల్లమచ్చ. అందుకే నీళ్లు మురికైన వెంటనే మార్చాలి, పొదుపు చేయొద్దు. నీరు ఓడ్చిన హస్తాలను క్రేట్లలో ఒకే వరసగా సర్దితే, మట్టిదారి కుదుపుల్లో బరువు క్రేటు మీద పడుతుంది, కాయ మీద పడదు.

ఇంకో మాట, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. మన దగ్గర కోత కూలీ టన్నుకో, లోడుకో లెక్క. అలాంటప్పుడు వాళ్లు తొందరపడక ఏం చేస్తారు? ప్యాక్‌హౌస్‌లో నికరంగా తీసుకున్న క్రేటుకు ఇంత అని కూలీ కట్టండి, రేటు కాస్త పెంచండి. నేను చూసిన చోట్ల మనుషులు మారలేదు, కాయ మాత్రం మారింది. జాగ్రత్తగా చేసే పనికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయానికి డబ్బు ఇవ్వకుండా జాగ్రత్త అడగడం అన్యాయం.

దూరం పంపే కాయ ముదురు ఎంతుండాలో కూడా చూసుకోండి. డెబ్బై ఐదు, ఎనభై శాతం ముదిరి, కాయ మీద కోణాలు ఇంకా కొంచెం కనపడుతున్నప్పుడే కోయాలి. గుండ్రంగా నిండిపోయిన కాయ దగ్గరి మార్కెట్‌కు మంచిది.

ప్రశ్న: తాడిపత్రి వైపు మాదొక రైతు ఉత్పత్తిదారుల సంఘం. బ్యాంకు లోను వచ్చేలా ఉంది. రీఫర్ బండి (సరుకును చల్లగా ఉంచే ఏసీ లారీ) కొనాలని సగం మంది, ప్యాక్‌హౌస్ కట్టాలని సగం మంది. మీరేమంటారు?

జవాబు: ప్యాక్‌హౌస్. అందులో సందేహం లేదు. రీఫర్ బండి చల్లగా ఉన్న సరుకును చల్లగా ఉంచడానికి తయారైంది. వేడిగా ఉన్న సరుకును త్వరగా చల్లార్చే శక్తి దానికి ఉండదు. వైశాఖ మాసంలో మధ్యాహ్నం కోసి ఎండలో కుప్ప పోసిన కాయ చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కాయ శ్వాస రెండు మూడు రెట్లవుతుంది, అంటే దాని ఆయుష్షు ఆ లెక్కన కరుగుతుంది. అలాంటి కాయను నేరుగా రీఫర్‌లో ఎక్కిస్తే పైనున్న పెట్టెలు చల్లబడతాయి, నడుమ పెట్టెలు చాలాసేపు వేడిగానే ఉంటాయి. ముందు ప్రీకూలింగ్ గదిలో, పెట్టెల మధ్య నుంచి చల్లగాలిని ఫ్యాన్లతో లాగి, అరటిని 13, 14 డిగ్రీలకు దించాలి. అంతకంటే కిందికి పోనివ్వకండి, తొక్క బూడిదరంగుకు తిరుగుతుంది.

మీ ఊరి నుంచే ఉదాహరణ ఉంది. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి నవీ ముంబైలోని జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు 43 రీఫర్ కంటైనర్లతో అరటి రైలు వెళ్లింది. అక్కడి నుంచి ఆ కాయ ఓడెక్కి విదేశాలకు పోయింది. చాలామందికి ఆ రైలే గుర్తుంది. కంటైనర్ తలుపు మూసేలోపు తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో జరిగిన పని మీద ఎవరూ ఫొటోలు తీయలేదు. ఎంత రైలున్నా ఆ పని సరిగా జరగకపోతే కాయ ఓడ ప్రయాణానికి నిలవదు.

లోను కోసం వ్యవసాయ మౌలిక వసతుల నిధి గురించి బ్యాంకులో అడిగారా? 2020లో మొదలైన ఈ పథకంలో 2 కోట్ల రూపాయల దాకా లోనుకు ఏడాదికి 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది, గరిష్ఠంగా ఏడేళ్లు. ప్యాక్‌హౌస్‌లు, గ్రేడింగ్ షెడ్లు ఇందులోకి వస్తాయి.

ఎక్కడ కట్టాలన్నది మీ సంఘంలో గొడవవుతుందని తెలుసు. అధ్యక్షుడి పొలంలో వద్దు. సభ్యుల తోటలన్నీ ఒక కాగితం మీద గుర్తుపెట్టి, మట్టిదారి ప్రయాణం అందరికీ కలిపి ఎక్కడ తక్కువవుతుందో అక్కడ, తారురోడ్డును ఆనుకుని, త్రీఫేజ్ కరెంటు, నీళ్లు ఉన్నచోట కట్టండి. లారీ తిరగడానికి జాగా వదలడం మర్చిపోవద్దు.

టైమింగ్ దీనికంటే ముఖ్యం. లోడు నిండాలని లారీ పొద్దున పది నుంచి సాయంత్రం దాకా నిలబడుతుంది, మొదట కోసినవాడి కాయ అంతసేపూ ఉడుకుతుంది. పాల కేంద్రాన్ని చూడండి. పాల బండి ఊరికి ఏ వేళకు వస్తుందో అందరికీ తెలుసు, దాన్నిబట్టే గేదెను పిండుతారు, పాలు కూలర్‌లో నాలుగు డిగ్రీలకు చేరతాయి. మీ సభ్యులకూ ముందురోజు సాయంత్రమే ఎవరి కోత ఎన్నింటికో ఫోన్‌లో చెప్పాలి. తెల్లవారుజామున మొదలై ఎండ ముదరక ముందే కోత ముగిసేలా వంతులు వేయండి. దీనికి లోను అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర. మా ఆయన చెన్నైకి టమాటా పంపుతారు. బాక్సు పైకి గుట్టగా పోయకపోతే కొనేవాళ్లు ఒప్పుకోరు. పైవరస అంతా నలిగిపోతోంది. ఏం చేయాలమ్మా?

జవాబు: అమ్మా, గుట్టగా పోసిన బాక్సు మీద ఇంకో బాక్సు పెడితే బరువంతా కాయల మీదే పడుతుంది. నలిగిన ఆ వరస రసం కింది కాయల మీద కారి, ఒక్క కాయ కుళ్లు బాక్సంతా పాకుతుంది. అంచు కంటే ఒక వేలు తక్కువగా నింపి, కాటా వేసి, బరువు లెక్కన అమ్మడమే న్యాయం. ఒక్కరు అడిగితే కొనేవాడు వినడు. మీ ఊరి నుంచి లారీ ఎక్కించే నలుగురైదుగురు కలిసి అడగండి. తరుగు ఎంత తగ్గిందో రెండు మూడు లోడ్లు చూస్తే కొనేవాడే ఒప్పుకుంటాడని నా నమ్మకం.

చెన్నైకి దోరకాయ పంపాలి, కింది కొస దగ్గర రంగు తిరగడం మొదలైనది. పూర్తిగా ఎర్రబడినది దగ్గరి సంతకు ఉంచండి. మంచు ఆరాక కోయండి. తొడిమ తీసేయండి, అది పక్క కాయను గుచ్చుతుంది. సాయంత్రం లారీ దాకా ఆగాల్సి వస్తే చెట్టు నీడలో పెట్టండి. టార్పాలిన్ కప్పి ఎండలో మాత్రం ఉంచొద్దు, లోపల ఆవిరవుతుంది. కొద్ది సరుకైతే చుట్టూ ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, ఆ వరసల మధ్య ఇసుక పోసి తడుపుతూ ఉండే చల్లని తొట్టె పనికొస్తుంది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ తొట్టెకు కరెంటు అక్కర్లేదు. మన పొడి గాలిలో బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎంబీఏ చదువుతున్నాను. పంట రవాణా తొలి దశ మీద ప్రాజెక్టు చేయాలి. ఏ డేటా తీసుకోవాలో టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ ఎందుకు నాన్నా, ఒక నోటు పుస్తకం చాలు. ఒకే పంట, ఒకే ఊరు, ఒకే మార్కెట్ ఎంచుకో. ప్రతి లోడుకూ కోత మొదలైన వేళ, లోడింగ్ ముగిసిన వేళ, మార్కెట్ చేరిన వేళ రాయి. లారీ ఎక్కేముందు కాయలోకి గుచ్చే థర్మామీటర్‌తో నాలుగైదు కాయల వేడి చూడు. కాయను ఎన్నిసార్లు చేతులు మారి ఎత్తి దించారో లెక్కపెట్టు, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. తోటలో తూకం ఎంత, మార్కెట్‌లో తూకం ఎంత, తరుగు పేరుతో ఎంత కోశారు, ఈ మూడూ విడివిడిగా ఉండాలి. నీరు ఆవిరై తగ్గిన బరువునూ వ్యాపారి కోసిన బరువునూ కలిపేస్తే నీ రిపోర్టు ఎవరికీ ఉపయోగపడదు.

లారీ డ్రైవర్‌తో ఒకసారి రాత్రంతా ప్రయాణం చేయి. ఎక్కడ ఆపుతాడు, ఎందుకు ఆపుతాడు, ఖాళీ క్రేట్లు తిరిగి ఎలా వస్తాయో అడుగు. క్రేట్లు తిరిగి రాకపోవడం వల్లే చాలా ఊళ్లలో రైతులు మళ్లీ గోనె సంచులకు పోయారు. ఒక్కో క్రేటుకు డిపాజిట్ పెడితే ఎన్ని తిరిగొస్తాయో నీ ప్రాజెక్టులో పరీక్షించగలిగితే, ఆ ఫలితాలు నాకు పంపు. పై ఉత్తరం రాసిన తాడిపత్రి సంఘానికి అవి వెంటనే కావాలి.