ఆయన ఖాళీ పీరియడ్ ఆయనకి వదిలేయండి

"అమెరికా స్కూళ్లలో నల్లజాతి మగ టీచర్లు ఎందుకు నిలవట్లేదు, ఏం చేస్తే నిలుస్తారు?" అని అడిగారు. అందరూ జీతాల దగ్గర మొదలెడతారు. అసలు రోగం టైంటేబుల్లో ఉంది.

ఒక మిడిల్ స్కూల్లో నల్లజాతి లెక్కల సారు సంగతి చూడండి. మూడో పీరియడ్ ఖాళీ, 45 నిమిషాలు. పేపర్లు ముందేసుకోగానే తలుపు తడతారు. పక్క క్లాసులో అల్లరి చేసిన కుర్రాడు. "మీ మాటైతే వింటాడు, కాసేపు కూర్చోబెట్టుకోండి." వాడు ఈయన క్లాసు పిల్లాడు కూడా కాదు. వాడు చల్లబడేసరికి బెల్లు. క్యాంటీన్లో కొట్లాటైనా ఈయనకే కబురు. పాఠం చూడ్డానికొచ్చిన ప్రిన్సిపాల్ క్లాసు నిశ్శబ్దంగా ఉందని మెచ్చుకుని వెళ్తారు. భిన్నాల భాగహారం సగం మందికి ఎందుకు ఎక్కలేదో ఒక్క ముక్క చెప్పరు. ఇలా అదనంగా నెత్తిన పడే పనినే అప్పటి అమెరికా విద్యామంత్రి జాన్ కింగ్ 2016లో కనిపించని పన్ను అన్నారు.

అందుకే ముందు ఓ నెల రోజులు పుస్తకంలో రాయించండి: ఎవరు పంపారు, ఏ పీరియడ్, ఎన్ని నిమిషాలు. కూడి చూపిస్తే ఎవరూ కాదనలేరు. ఆయన ఖాళీ పీరియడ్‌లో పిల్లల్ని పంపకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ఆ పని తప్పదంటారా, ఒక క్లాసు తగ్గించండి, లేదా బాస్కెట్‌బాల్ కోచ్‌కి ఇచ్చినట్టే విడిగా డబ్బివ్వండి. మెంటర్‌గా అదే సబ్జెక్టు చెప్పేవాళ్లని పెట్టండి. ఫిబ్రవరి వచ్చేసరికి నల్లజాతి చరిత్రని గుర్తుచేసుకునే బ్లాక్ హిస్టరీ నెల కార్యక్రమాలన్నీ ఈయన నెత్తినే పడేస్తారు, అదొకటి!

నలుగురిని ఒకే స్కూల్లో వేస్తే ఒంటరితనం పోయి నిలుస్తారన్నది సగం నిజమే. ట్రావిస్ బ్రిస్టల్ అనే పరిశోధకుడు బోస్టన్‌లో చూస్తే ఒంటరిగా ఉన్నవాళ్లకంటే గుంపుగా ఉన్నవాళ్లే ఎక్కువ మంది వెళ్లిపోయారు. వాళ్లని వేసినవి అసలే అధ్వానంగా నడిచే స్కూళ్లు మరి.

డబ్బు సంగతి కూడా ఉందిలెండి. టీచర్ అవడానికి చదివేవాళ్లకి కేంద్ర ప్రభుత్వమిచ్చే ఫెడరల్ టీచ్ గ్రాంట్ ఏడాదికి 4,000 డాలర్ల దాకా వస్తుంది. చదువయ్యాక 8 ఏళ్లలో 4 ఏళ్లు పేద పిల్లల స్కూల్లో, కొరత ఉన్న సబ్జెక్టు చెప్పకపోతే అదంతా వడ్డీతో సహా అప్పుగా మారుతుంది. కాగితాలు సరిగ్గా చేరక అప్పులపాలైనవాళ్లూ ఉన్నారు. జిల్లా ఆఫీసులో ఒకరికి ఆ కాగితాల పని అప్పజెప్పొచ్చు, పెద్ద ఖర్చేం కాదు. 2000లో సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో మొదలైన, నల్లజాతి మగ టీచర్లని తయారుచేసే 'కాల్ మీ మిస్టర్' కార్యక్రమం ఫీజు సాయంతో పాటు తోటివాళ్ల జట్టునీ కలిపి ఇస్తుంది, అందుకే నాకది నచ్చుతుంది.

వెళ్లిపోయే రోజు ఫారం నింపించుకుని లాభం లేదు. కాంట్రాక్టులు రాసేముందు, జనవరిలోనే కూర్చోబెట్టి అడగండి: వచ్చే ఏడు ఏ క్లాసులు కావాలి, డిపార్ట్‌మెంట్ హెడ్‌గా చేస్తారా అని. క్రమశిక్షణ డీన్ పోస్టు మాత్రం ఆశ చూపకండి, అది మళ్లీ ఆ అల్లరి పిల్లల పనే.