ఆకుపచ్చ చుక్క వెనక 120

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. ఇంట్లో గుడ్డు కూడా తినం. పాపకు విదేశీ స్ట్రాబెర్రీ క్యాండీ కొన్నాను. దిగుమతిదారు అంటించిన స్టిక్కర్ మీద ఆకుపచ్చ చుక్క ఉంది. ఆ స్టిక్కర్ అంచు లేచి ఉంటే కొంచెం లాగాను. కింద అసలు ప్యాకెట్ మీద ‘కలర్: ఈ-120’ అని ఉంది. అది పురుగుల రంగట! అత్తయ్య అప్పటికే రెండు తినేశారు, ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. షాపువాళ్ళేమో ‘మాకేం సంబంధం, కంపెనీనే అడగండి’ అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. ముందు ఆ స్టిక్కర్‌ని ఇక లాగకండి. సగం ఊడి, కింద 120 కనబడుతున్న ఆ ప్యాకెట్టే మీ సాక్ష్యం. బ్యాచ్ నంబరుతో సహా ఫొటోలు తీసి, మిగిలిన క్యాండీలతో పాటు కవర్లో వేసి దాచండి. బిల్లు పారేసి ఉంటే యూపీఐ మెసేజ్ చూపించి షాపులో డూప్లికేట్ అడగండి.

మీరు విన్నది నిజమే. 120 అంటే కార్మైన్, కోచినీల్ పురుగుల్ని ఎండబెట్టి తీసే ఎరుపు. మన 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పురుగు కూడా మాంసాహారమే. అంటే ఆ స్టిక్కర్ మీద బ్రౌన్ గడిలో బ్రౌన్ త్రిభుజం ఉండాలి. అదే 631 (రుచి పెంచేది), 471 (నూనె, నీళ్ళు విడిపోకుండా కలిపి ఉంచేది) లాంటి కోడ్‌లయితే చిక్కే, అవి మొక్క నుంచీ రావచ్చు, జంతువు నుంచీ రావచ్చు. ఇలాంటి గందరగోళం చూసే ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబర్‌లో ఉత్త కోడ్ నంబరు వేస్తే చాలదని, పదార్థం మొక్కదో జంతువుదో కూడా చెప్పాలని ఆదేశించింది. మీ కేసులో ల్యాబ్ పరీక్ష కూడా అక్కర్లేదనే నా అభిప్రాయం. తయారుచేసినవాడే రాసి ఇచ్చాడు కదా. (మిఠాయిలకు మెరుపునిచ్చే లక్క కూడా పురుగుదే గానీ, తేనెతో పాటు దాన్ని చట్టం మినహాయించింది. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పకండి.)

ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేస్తే, 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 52 కింద తప్పుడు లేబులుకు 3 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అది ప్రభుత్వానికి పోతుంది, మీ చేతికి రాదు. మీకు పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే చోటే ఫైల్ చేయొచ్చు. సరుకు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్ళు.

ముందు ఇద్దరికీ, అంటే దిగుమతిదారుకూ షాపుకూ, 15 రోజుల టైమిచ్చి నోటీసు పంపండి. ‘మాకేం సంబంధం’ అన్న మాట చెల్లదు. 2006 చట్టం సెక్షన్ 27 తప్పుడు లేబులున్న సరుకు అమ్మినవాడినీ బాధ్యుణ్ణి చేసింది. స్టిక్కర్ మీది చిరునామా, 14 అంకెల లైసెన్స్ నంబరు ఉన్నవి ఉన్నట్టు నోటీసులో ఎక్కించండి. పరిహారం మాత్రం టెన్షన్‌లో లక్షలకు లక్షలు రాసేయకండి. రెండు క్యాండీలకు 20 లక్షలంటే అసలు ఫిర్యాదే తేలిపోతుంది.